నా ఫారంలో ఆమె గంటలు

పాత ఆఫీసు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం పొద్దున ఆమె ఫోటో వచ్చింది. ఫోటో చుట్టూ ఎవరో పూలదండ బొమ్మ తగిలించారు. జ్వరంతో ఆస్పత్రిలో చేరిందని, వారం తిరక్కుండానే పోయిందని కింద రాశారు. ఆ తర్వాత ఓం శాంతులు, దండం పెట్టే చేతులు వరసగా పడుతూనే ఉన్నాయి. నేనూ ఏదో రాయబోయి చెరిపేశాను. ఇంకోసారి రాసి ఇంకోసారి చెరిపేశాను.

దాచుకోవడం దేనికి, ఆ ఫోటో చూడగానే ముందు నాకు ఊపిరి తేలికపడింది. ఇక ఆ విషయం తెలిసినవాళ్లెవరూ లేరు అనుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. దుఃఖం మాత్రం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక గానీ రాలేదు. ముద్ద దిగలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే పాత ఆఫీసులో పనిచేసినావిడ పోయిందన్నాను. "మీరెప్పుడూ ఆవిడ గురించి చెప్పలేదే" అంది. నిజమే, ఎప్పుడూ చెప్పలేదు.

విషయం ఇది. నా దగ్గర ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఒకటి ఉంది. పై దేశపు సంస్థ ఒకటి పరీక్ష పెట్టి ఇస్తుంది. ఐటీ మంచి జోరు మీదున్న ఆ రోజుల్లో అది ఉన్నవాడికి క్యాబిన్, లేనివాడికి కుర్చీ. ఆ పరీక్షకి ఊరికే కూర్చోనివ్వరు. నాలుగున్నర వేల గంటలు ప్రాజెక్టు పని నడిపించానని, ఏ దశలో ఎన్ని గంటలు నడిపించానో విడివిడిగా ఫారంలో రాసివ్వాలి. నేను రాసిచ్చాను. రాసిన గంటలు నావి కావు, ఆమెవి. ఆ సంగతి ఆమెకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆమెకి వచ్చే నష్టం ఏమీ లేదు, నాకే ఇంకా చెయ్యి రావడం లేదు.

మా ఆఫీసు పంజాగుట్ట చౌరస్తాకి కాస్త అవతల. కింద చీరల దుకాణం, పైన ఐదో అంతస్తులో మేము. ఆమె బోరబండ నుంచి వచ్చేది. అమీర్‌పేట దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి బస్సు. బస్సు దిగేది రోడ్డుకి అటు పక్కన. ఆ రోడ్డు దాటడమంటే ఆమెకి ప్రాణం మీదికి వచ్చేది. పక్కన ఎవరుంటే వాళ్ల చొక్కా చెయ్యి పట్టుకునేది. తెలిసినవాళ్లా కాదా అని చూసేది కాదు. ఒకసారి ట్రాఫిక్ పోలీసు చొక్కా పట్టుకునే దాటిందని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. ఒకరోజు నా చొక్కా దొరికింది. అప్పటికి నేను ఆ ఆఫీసులో చేరి రెండో రోజు. ఆమె నా టీములో మనిషని నాకు తెలియదు, నేను ఆమె మేనేజర్నని ఆమెకి తెలియదు. ఇవతలికి వచ్చాక చెయ్యి వదిలేసి, "ఏమనుకోకు అన్నా, నాకు మస్తు భయం" అని గబగబా వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత మీటింగ్ గదిలో నన్ను చూసి నాలుక కరుచుకుంది. అన్నా అన్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఎప్పుడూ సార్.

భయమనే మాటని ఆమె ఆకలేస్తోంది అన్నంత మామూలుగా అనేది. లిఫ్టంటే భయం, కాబట్టి ఐదు అంతస్తులూ మెట్లే. క్లయింటు ఫోనంటే భయం. ఫోను మోగే ముందు "భయమైతున్నది సార్" అనేది. సీసాలో నీళ్లు సగం తాగేది, చిత్తు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకునేది. ఫోనెత్తాక మాత్రం తడుముకోవడం ఉండేది కాదు. ఏది అయింది, ఏది కాలేదు, కానిది ఎప్పటికవుతుంది, అంతే చెప్పేది. అవతలివాళ్లు ఇంకేం అడగాలో తోచక పెట్టేసేవారు. అప్పుడు మొదలయ్యేది చేతుల వణుకు. దాన్ని దాచుకునేది కూడా కాదు. "చూడుండ్రి, ఎట్ల వణుకుతున్నయో" అని పక్క సీటు వాళ్లకి చూపించి నవ్వేది.

నేను అలా కాదు. మాది తణుకు దగ్గర ఒక ఊరు. మా ఇంట్లో మగవాళ్లు భయమనే మాట నోటితో అనరు. అనకుండా అనకుండా అది నా లోపల ఎంత పెరిగిందో నాకే తెలియదు. కవరులో కాగితం ఏది వచ్చినా భయం. హెచ్.ఆర్. వాళ్లు కోపంగా చూస్తే భయం, నవ్వితే ఇంకా భయం. పైకి మాత్రం ఇస్త్రీ చొక్కా, టై, గొంతులో కాస్త బరువు. మేనేజరంటే ఇలాగే ఉండాలని నన్ను చూసి కుర్రాళ్లు అనుకునేవారట.

ఆమె నోటుబుక్కు గురించి చెప్పాలి. క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన రూళ్ల పుస్తకం. అందులో టీములో అందరి పేర్లూ ఒకదాని కింద ఒకటి, పైన తేదీలు. రోజంతా పనిచేసినవాడికి నిలువుగీత. ఒక పూటే చేసినవాడికి సగం గీత. రానివాడికి సున్నా. ఇది వాళ్ల నాన్న పద్ధతి. ఆయన సెంట్రింగ్ మేస్త్రీ, స్లాబు పోసే ముందు కింద చెక్కలు బిగించే కూలీలకు పెద్ద. చదువు రాదు. తన మనుషులకి రోజూ హాజరీ ఆ గీతల్లోనే వేసేవాడట. ఏడో తరగతి నుంచి ఆ పుస్తకం రాసే పని కూతురికి అప్పగించాడు. కూతురు ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది, వస్తూ ఆ గీతల్ని వెంట తెచ్చుకుంది.

గీతల పక్కన ఇంకో గడి కట్టి తన గంటలు రాసుకునేది. ప్లాను వేయడానికి ఇన్ని, ఎవరి పని వాళ్లకి పంచడానికి ఇన్ని, తప్పులు పట్టడానికి ఇన్ని, క్లయింటుని ఒప్పించడానికి ఇన్ని. కంప్యూటర్లో టైమ్‌షీటు ఒకటి ఉండేది. శుక్రవారం సాయంత్రం మేమందరం రోజుకి ఎనిమిది చొప్పున వారమంతా కొట్టేసి ఇంటిదారి పట్టేవాళ్లం. ఆమె ఒక్కతే పుస్తకం దగ్గర పెట్టుకుని ఆరున్నర, తొమ్మిదింపావు అని కొట్టేది. ఎందుకమ్మా అంత చాదస్తం అని ఒకసారి అడిగాను. తప్పు హాజరీ వేస్తే తెల్లారి మనిషి పనిలోకి రాడని వాళ్ల నాన్న అనేవాడట. ఒక్క సగం గీత తప్పు పడిందని ఒక ముసలి కూలీ వాళ్లింటి ముందుకొచ్చి పొద్దుటంతా నిలబడ్డాడట. ఆయన మొహం ఇప్పటికీ గుర్తుందని చెప్పింది.

ఆ పుస్తకంలో నా పేరు కూడా ఉంది, అన్నిటికన్నా పైన. చూపించమంటే దాచకుండా చూపించింది. నాకు ఎక్కువగా సగం గీతలే పడ్డాయి. "మీరు మీటింగుల మీద మీటింగులకు పోతరు గద సార్. మా దిక్కు ఉన్న పూటే ఏసిన" అంది. వెక్కిరింపు లేదు, ఫిర్యాదు లేదు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ తర్వాత ఆమె సీటు వైపు వెళ్లిన ప్రతిసారీ గోడ గడియారం చూసుకోవడం అలవాటైంది.

ఆ ఆఫీసులో చేరిన మూడో ఏడాది నేను అమీర్‌పేటలో ఆదివారాలు కోచింగుకి వెళ్లాను. మెట్ల మొదట్నించి చివరిదాకా గోడలకి కోర్సుల కాగితాలు, మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఓ పక్క, నాలాంటి నడివయసు వాళ్లు ఓ పక్క. చదువు బాగానే వంటబట్టింది. ఫారం దగ్గర చిక్కొచ్చి పడింది. ఏం నడిపించానో గుర్తు చేసుకోబోతే, ప్రాజెక్టు నడిచింది గుర్తొచ్చింది గానీ నేను నడిపింది గుర్తుకు రాలేదు. ఆమెని పిలిచి ఆ పుస్తకం రెండు రోజులు ఇవ్వమన్నాను. దేనికని కూడా అడగలేదు.

ఆమె పేరు పక్కనున్న గంటల్ని దశలవారీగా కూడి నా పేరు మీద ఎక్కించుకున్నాను. కాస్త అటూ ఇటూ మార్చి ఉండవచ్చు. మార్చడానికి భయమేసింది. నా బుర్రలోంచి తీసిన అంకె వేస్తే దొరికిపోతానని, ఆమెది నిజం కాబట్టి ఎవరడిగినా నిలబడుతుందని అనుకున్నాను. ప్రాజెక్టు ముగించే దశకి ముప్పై ఏడు గంటలని ఆమె రాసుకుంటే నేనూ ముప్పై ఏడే వేశాను. పుస్తకం తిరిగి ఇస్తూ చాలా థాంక్సమ్మా అన్నాను. పరీక్ష పాసయ్యాను. క్యాబిన్ వచ్చింది. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనక తగిలించారు. టీములో అందరికీ స్వీట్లు పంచాను, ఆమెకి రెండు ఇచ్చాను.

ఆ రోజుల్లోనే మా ఫ్లోరులో ఒకతన్ని సాయంత్రం టీ వేళ లోపలికి పిలిచారు. అనుభవం కాగితాలు దొంగవని తేలిందట. సెక్యూరిటీ ఆయన అతని మెడలో కార్డు తీయించి, మెట్ల దాకా తీసుకెళ్లి వదిలి వచ్చాడు. అతని టీ కప్పు సీటు దగ్గర అలాగే ఉండిపోయింది. దాన్ని తీయడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. ఫ్రేము నా వీపు వెనకే ఉంది.

రెండేళ్లు గడిచాయి. క్లయింటు కొత్త ఒప్పందంలో ఒక షరతు పెట్టాడు: ప్రతి ప్రాజెక్టుకీ ఆ సర్టిఫికెట్టున్న మేనేజరే ఉండాలి. అప్పటికి నేను రెండు మెట్లు పైకెక్కాను. ఆ మధ్య ఆమె కట్టి నిలబెట్టిన ఇంకో ప్రాజెక్టులో మేనేజరు సీటు ఖాళీ అయింది. సర్టిఫికెట్టు తెచ్చుకుంటే ఆ సీటు ఆమెది, లేదా బయటినుంచి ఇంకొకరు వస్తారు. వాళ్లింట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆమె. మేనేజరవుతానన్న మాట ఆమె పైకి ఎప్పుడూ అనలేదు. కానీ అదే అమీర్‌పేట గదిలో ఆ వచ్చిన ఆదివారమే ముందు బెంచీలో కూర్చుంది.

అక్కడి సారు నాకు బాగా తెలిసినాయన. ఒకరోజు ఫోను చేసి నవ్వాడు. రిస్కుల పాఠం చెబుతూ, మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా పెద్ద ముప్పు ఏమిటో ఒక్కొక్కరూ చెప్పండని అడిగాడట. ఒకరు సర్వరన్నారు, ఒకరు కరెంటన్నారు. ఆమె లేచి, మా సారు లీవు పెట్టకపోవడం అందట. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక, సారు ఉన్న రోజు పని ఎందుకు ఆలస్యమవుతుందో కారణాలతో సహా వివరించడం మొదలుపెట్టిందట. నేనూ ఫోనులో నవ్వాను. ఆమె ఆ మాట నవ్వించడానికి అనలేదని నాకు తెలుసు.

ఫారం నింపే సమయానికి నా దగ్గరకొచ్చింది. ఎట్లా రాయాలో తెలియడం లేదు, ఏదైనా నమూనా ఉంటే చూపించమంది. నేను ధీమాగా నా పాత ఫారం ప్రింటు తీసి చేతిలో పెట్టాను. "ఇలా రాయండమ్మా, ఇదే పద్ధతి" అన్నాను. ఇక్కడ మీరు నన్ను వెర్రివాడనుకుంటారు, అనుకోండి. రెండేళ్లుగా ఆ గంటల్ని జీతం పెంచే మీటింగుల్లో చెప్పి, కొత్త పిల్లల ముందు చెప్పి, ఇంటికొచ్చిన బావమరిది ముందు చెప్పి, అవి నావేనని నేను నమ్మేశాను.

ఆమె నిలబడే చదివింది. వేలు పెట్టి ఒక్కో అంకె మీదుగా కిందికి దిగింది. చివరి వరసలో ముప్పై ఏడు దగ్గర వేలు ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"గీ ముప్పై ఏడు గంటలు నాకు యాదికున్నయి సార్" అంది నెమ్మదిగా. "ఆఖరు వారం మా నాయిన చెక్క మీదకెళ్లి పడ్డడు. దవాఖానల ఆయన మంచం పక్కకు కూసోని చేసిన."

ఆమె నా మొహం చూడలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, పనికొస్తుంది సార్ అని తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చి ఒక్క మాట అడిగింది. రెండు ఫారాలు ఒకే తీరుగా ఉంటే ఏమన్నా అంటారా అని. అబ్బే, అక్కడికి వేలకొద్దీ ఫారాలొస్తాయి, ఎవరు చూస్తారన్నాను. "నేనైతే నాయి మార్వ సార్" అంది. మార్చొద్దన్నాను. ఇంకేమనగలను? ఆమె తన గంటల్ని తనవిగానే రాసి పంపింది.

ఆ సంస్థవాళ్లు కొన్ని ఫారాల్ని చీటీ తీసినట్టు ఎంచి రుజువులు అడుగుతారు, దాన్ని ఆడిట్ అంటారు. ఎందుకు ఎంచారో చెప్పరు. నా ఫారం జోలికి రాలేదు. ఆమెది ఎంచారు. ఆ గంటలు నడిచిన నాటి మేనేజరు అవి నిజమేనని ఫారం మీద సంతకం పెట్టాలి. దాన్ని కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట మళ్లీ సంతకం చెయ్యాలి. తొంభై రోజుల్లో కవరు వాళ్లకి చేరకపోతే ఏడాది దాకా ఆమె మళ్లీ ఫారం పెట్టడానికి లేదు. మేనేజరు సీటు ఏడాది ఖాళీగా ఉండదు. సంతకం పెట్టాల్సిన ఆ మేనేజర్ని నేను.

ఆమె కవరు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. "భయమైతున్నది సార్. గని అన్నీ నిజమే గద, ఏం ఫికర్ లేదు" అంది. చూస్తానన్నాను.

నా భయం ఏమిటో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. నేను సంతకం పెడితే ఈ గంటలు నడిపింది ఆమె అని నా చేతితో ఒప్పుకున్నట్టు. అవే గంటలు, అదే ప్రాజెక్టు, అదే ముప్పై ఏడు, నా పేరు మీద అక్కడే ఏ అలమరలోనో ఉన్నాయి. ఎవరో ఒకరు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మా కంపెనీకి ఉత్తరం వస్తుంది. సెక్యూరిటీ ఆయన నా మెడలో కార్డు తీయిస్తాడు. నా టీ కప్పు అక్కడే ఉండిపోతుంది. అంత దూరాన అంత తీరిక ఎవరికీ ఉండదని నాకు తెలుసు. తెలిసినా చేతికి పెన్ను వచ్చేది కాదు.

ప్రతి సోమవారం పదింటికి క్యాబిన్ గుమ్మంలో నిలబడి "సార్, కవరు" అనేది. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఒక సోమవారం క్లయింటు వస్తున్నాడన్నాను. ఇంకో సోమవారం లీగల్ వాళ్లని అడగాలన్నాను, ఆ పేరుతో ఒక విభాగమే మాకు లేదు. ఒకరోజు ఎలాగో ధైర్యం తెచ్చుకుని కవరులోంచి ఫారం తీసి, సంతకంలో మొదటి అక్షరం గీశాను. అంతలో హెచ్.ఆర్. నుంచి ఫోను. ఎవరిదో పుట్టినరోజు కేకు కోస్తున్నారట, రమ్మని. ఫోను పెట్టేసరికి కాగితం నా పిడికిట్లో ఉండలా నలిగిపోయింది. ఫారం మీద సిరా ఒలికిందని, ఇంకొకటి తెమ్మని చెప్పాను. మర్నాడు ఆమె మూడు తెచ్చింది. మళ్లీ ఒలికితే ఉంటుందని.

రోజులు అరవైకి, నలభైకి దిగాయి. ఆమె కళ్లలో పడకుండా తిరగడం నేర్చుకున్నాను. ఆమె మెట్ల మనిషి కాబట్టి నేను ఒక్క అంతస్తుకి కూడా లిఫ్టే ఎక్కేవాణ్ని. ఎక్కడైనా ఎదురుపడితే చేతిలో మోగని ఫోను చెవికి పెట్టుకునేవాణ్ని. కవరు నా సొరుగులో అడుగున ఉండేది, పైన ఫైళ్లు పేర్చాను. ఆ రోజుల్లో నాకు బీపీ మొదలైంది. ఇది ఆమె తప్పయినట్టు లోపల్లోపల ఆమె మీద కోపం కూడా వచ్చేది. ఇంత పట్టుదల దేనికి, ఆడమనిషి, ఉన్న ఉద్యోగం చాలదా అని కూడా అనుకున్నాను. అనుకున్నది రాస్తున్నాను.

ఆ తర్వాత జరిగింది రెండు మాటల్లో అయిపోతుంది. మేనేజరు సీటులోకి వేరే ఊరి బ్రాంచి నుంచి ఒకతను వచ్చాడు. ఆమె నెల రోజులు పక్కన కూర్చుని అతనికి ఆ ప్రాజెక్టంతా నేర్పింది. నేర్పడం పూర్తయ్యాక రాజీనామా ఇచ్చి చిన్న కంపెనీలోకి వెళ్లింది. మళ్లీ ఆ పరీక్షకి వెళ్లిందో లేదో నాకు తెలియదు. ఆ సంగతి ఎవరినైనా అడగాలంటే ఆమె పేరెత్తాలి, అందుకని అడగలేదు. కొన్నేళ్లకి అమీర్‌పేటలో ఒకసారి కనిపించింది. రోడ్డు దాటడానికి ఎవరో కాలేజీ పిల్ల చున్నీ అంచు పట్టుకుని నిలబడింది. జుట్టు కాస్త నెరిసింది. నేను పక్కనున్న జిరాక్స్ దుకాణంలోకి దూరిపోయాను. ఏం కావాలని అడిగితే జేబులో ఉన్న కరెంటు బిల్లు ఇచ్చి పది కాపీలు తీయించాను. ఆమె వెళ్లిపోయేదాకా కాపీలు చాలలేదనిపించింది.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అప్పటికి కవరు గడువుకి ఇంకా ఆరు రోజులున్నాయి. శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆమె తలుపు కొట్టి లోపలికి వచ్చింది. కూర్చోవచ్చా సార్ అని అడిగింది. నా గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఇక అరుస్తుంది అనుకున్నాను, ఏడుస్తుంది అనుకున్నాను. హెచ్.ఆర్.కి చెప్పే వచ్చి ఉంటుంది, బయట సెక్యూరిటీ ఆయన నిలబడి ఉంటాడు అని కూడా అనుకున్నాను.

"ఆ కవరు ఇయ్యుండ్రి సార్" అంది.

ఫైళ్లన్నీ తీసి, అడుగు నుంచి కవరు బయటికి లాగి ఇచ్చాను. అంటించలేదు, సంతకం లేదు. ఆమె తిప్పి చూసి బ్యాగులో పెట్టుకుంది.

"మెయిలు పెట్టిన సార్, గీ ఆడిట్ నాతోని కాదు అని. ఇగ అయిపోయింది."

ఎందుకమ్మా అన్నాను. ఎందుకో తెలిసి కూడా అన్నాను.

"మీరు నన్ను జూసి లిఫ్టుల దాక్కుంటున్నరు. ఇంత పెద్ద మనిషి అట్ల దాక్కుంటుంటె నాకు మంచిగనిపిస్తలేదు సార్." కాసేపు తన చేతుల వంక చూసుకుంది. ఆ చేతులు వణకడం లేదు. "నా గంటలు నాయే. కాగితం మీద లేకుంటె ఏడికి పోతయి? మీరు ఇగ భయపడకుండ్రి."

నేను భయపడుతున్నానన్న మాట అంతవరకు నా మొహం మీద ఎవరూ అనలేదు. మా నాన్న అనలేదు, మా ఆవిడ అనలేదు. ఇంకా ఆరు రోజుల గడువుంది. ఇంకో మెయిలు పెట్టించవచ్చు. కవరు ఆమె బ్యాగులో మూరెడు దూరంలో ఉంది, పెన్ను నా జేబులో ఉంది. రెండు సంతకాలు, అర నిమిషం పని. ఇలా ఇవ్వమ్మా అంటే చాలు. ఆమె కూడా వెంటనే లేవలేదు. ఆ కాసేపు నా కోసమే కూర్చుందని ఇప్పుడు అనిపిస్తుంది.

"థాంక్సమ్మా" అన్నాను.

ఆమె తలూపి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తలుపు వెయ్యాల్నా సార్, తెరిచి ఉంచాల్నా అని అడిగింది. వేసెయ్యమన్నాను.